సౌండ్‌బార్‌లో తేమ శాతం

మట్టపర్తి సోమసుందరం చేసిన తప్పు సౌండ్‌బార్ కొనడం కాదు, కొన్నానని ఆఫీసులో చెప్పడం.

కొని ఊరుకున్నవాళ్ళు ఆ ఆఫీసులో చాలామందే ఉన్నారు. ఫ్రిజ్జులు కొన్నారు, ఏసీలు కొన్నారు. ఒకాయనైతే ఏటి లంకలో కొబ్బరితోటే కొని, బావమరిదిదని చెప్పుకుంటూ హాయిగా బొండాలు తాగుతున్నాడు. విలువైన వస్తువేది కొన్నా ఉద్యోగి పై అధికారికి తెలియజేయాలన్న నిబంధన వాళ్ళందరికీ తెలుసు. తెలిసిన నిబంధనని పాటించి తీరాలన్న పిచ్చి మాత్రం సోమసుందరానికే ఉంది. పైగా సూపరింటెండెంటు ప్రమోషన్ల జాబితాలో అతని పేరు పైవరసలో ఉంది. ఈ సమయంలో ఏ పుల్ల ఎక్కడ అడ్డుపడుతుందోనని అతని భయం.

అసలా వస్తువు కొనవలసి వచ్చింది అత్తగారు మంగాయమ్మ కోసం. ఆవిడ కూతురింట్లోనే ఉంటోంది. ఆవిడ పొయ్యి దగ్గర నిలబడితే వీధిలో వాళ్ళకి కూడా ఆకలేస్తుంది. చెవులే కొంతకాలంగా మొరాయిస్తున్నాయి. ఆ మాట ఆవిడతో అనకూడదు. ఆవిడ లెక్కలో ఆవిడ చెవులు శుభ్రంగా ఉన్నాయి, లోకంలో మనుషులే గొణగడం మొదలుపెట్టారు. చెవి మిషను మాటెత్తితే, చెవికి పెట్టుకుంటే పోగులు పెట్టుకుంటాను గానీ మిషను తగిలించుకుని చెవిటిదాన్నని ఊరంతా దండోరా వేయించుకోమంటారా అనేది. ఇంట్లో ఉన్నది గోడకి అతుక్కునే పల్చటి టీవీ. దాని మాట వెనక నుంచి వస్తుంది. సీరియల్లో కోడలేమందో గోడకి తెలిసేది గానీ మంగాయమ్మకి తెలిసేది కాదు.

అలా సర్దుకుపోతున్న రోజుల్లో సోమసుందరం భార్య సత్యవేణిని ఒక టీవీ ఛానెల్ వాళ్ళు వంటల కార్యక్రమానికి పిలిచారు. ఊళ్ళో ఒక డాక్టరుగారి పెద్ద వంటింట్లో షూటింగు జరిగింది. సత్యవేణి చేసి చూపించింది ఆవ పెట్టిన పనసపొట్టు కూర. ఆ కూర మంగాయమ్మ సొత్తు. ఊళ్ళో ఏ పెళ్ళికైనా పొట్టు కొట్టింది ఆవిడే, ఆవ నూరింది ఆవిడే. ఇప్పుడా కూర టీవీకెక్కుతోంది, ఎక్కించేది కూతురు. షూటింగు నుంచి వచ్చిన కూతుర్ని మంగాయమ్మ ఒక్క ముక్క అడిగింది.

"నా పేరు చెప్పావటే?"

"టీవీలో వస్తాది కదా, నువ్వే చూద్దువుగాని," అంది సత్యవేణి.

ఈ జవాబు మంగాయమ్మకి నచ్చలేదు. చూడ్డం సరే, వినాలి కదా. ఆ రోజు నుంచి ఆవిడ టీవీకి మరీ దగ్గరగా కుర్చీ వేసుకుని, వార్తలు చదివే అమ్మాయి పెదాల్ని పరీక్షగా చూడ్డం మొదలుపెట్టింది. అది చూసి సోమసుందరానికి ప్రాణం ఉసూరుమంది. కార్యక్రమం వచ్చేలోగా ఆవిడకి మాట వినిపించాలని నిశ్చయించుకుని మండపేట వెళ్ళాడు.

అక్కడ టీవీల కొట్టాయన పెద్ద పెద్ద పెట్టెలన్నీ పక్కకి నెట్టి, మూరెడు పొడుగు నల్ల బద్ద ఒకటి తీసి ముందు పెట్టాడు. టీవీ కింద పడుకోబెట్టుకోవడమే, ఒక తీగ, ఒక మీట, అంతకు మించి ఏమీ లేదన్నాడు. ఇది సినిమా హాల్లాగా మోగదని ముందే చెప్పాడు.

"మీకు కావాల్సింది మోతాండీ, మాటాండీ?"

"మాటండి," అన్నాడు సోమసుందరం.

"అయితే ఇదట్టుకెళ్ళండి. మాట తెలుస్తాదండి."

నిజానికి సౌండ్‌బార్ మీద జరగవలసిన పరీక్ష అక్కడితో అయిపోయింది. ఇంటికి తెచ్చాక, ముందు విప్పి పెట్టండి, చెప్పడం తర్వాత చెప్పుకోవచ్చు అంది సత్యవేణి. సోమసుందరం వినలేదు. రేపు ఆఫీసులో చెప్పేసి ఎల్లుండి విప్పుదామన్నాడు. ఆ ఎల్లుండి ఎప్పుడొచ్చిందో మీరే చూద్దురుగాని.

సోమసుందరం పనిచేసేది జిల్లా ధాన్యాగారాల పర్యవేక్షణ కార్యాలయంలో. కాలువ గట్టున ముందు ఆఫీసు, వెనక గోదాములు. దానికి అధిపతి కోదండపాణిగారు. జిల్లాలో అంతటి నిక్కచ్చి అధికారి లేడని పేరు. ఎవరేం చెప్పినా ఆయన తలెత్తి, చెప్పేవాడి మొహం కేసి నిదానంగా చూసి, "రాతపూర్వకంగా ఇవ్వండి," అనేవారు. సెలవడిగినా అంతే, శుభలేఖ ఇచ్చి పెళ్ళికి రమ్మన్నా అంతే. ఒకసారి వరండాలో పాము కనిపిస్తే అటెండరు పరిగెత్తుకొచ్చి, అయ్యా, పాము అన్నాడు. రాతపూర్వకంగా ఇవ్వండన్నారు కోదండపాణిగారు. అర్జీ టైపయి వచ్చేసరికి పాము దాని దారిన అది పోయింది. పాములు కూడా ఆయన దగ్గర క్రమశిక్షణగా ఉంటాయని ఆఫీసులో గొప్పగా చెప్పుకున్నారు.

కాబట్టి సోమసుందరం సౌండ్‌బార్ సంగతి రాతపూర్వకంగానే ఇచ్చాడు. అది చదువుకుని తలాడించి సంతకం పెట్టేస్తారనుకున్నాడు. పెట్టేవారే, సరిగ్గా ఆ వారమే పైనుంచి కొత్త సర్క్యులర్ రాకపోయి ఉంటే.

ఎక్కడో ఎవరో మేలిమి బంగారం కొని గిల్టు నగ అని రాసిచ్చాడట. దాంతో పైవాళ్ళు మండిపడి, ఇకమీదట ఉద్యోగి కొన్న ప్రతి వస్తువునూ కమిటీ చేత మూల్యాంకనం చేయించాలని ఆజ్ఞాపించారు. కమిటీలు వేస్తే బయటి నిపుణులు కావాలి, నిపుణులకి ఖర్చవుతుంది. అందుకని "ఆయా కార్యాలయములందు అందుబాటులోనున్న సాంకేతిక నైపుణ్యమును వినియోగించి" అని ఒక ముక్క చేర్చారు. ఆ ముక్కతోనే వచ్చింది తంటా. పక్క ఊళ్ళో పశువుల డాక్టరుగారి దగ్గర పనిచేసే గుమాస్తా ఒకాయన మోటారుసైకిలు కొంటే, దాని నోరెక్కడుందో తేల్చుకోలేక, పళ్ళు ఇంకా రాలేదని రాసి లేగదూడల పద్దులో చూపించారని వినికిడి. ధాన్యాగారాల ఆఫీసులో అందుబాటులో ఉన్న నైపుణ్యం ధాన్యం. సౌండ్‌బార్‌ని ఆ నైపుణ్యంతోనే పరీక్షించాలి మరి.

కమిటీకి అధ్యక్షులు కోదండపాణిగారు. సభ్యులు ఇద్దరు, నాణ్యతాధికారి జోగేశ్వర్రావు, లెక్కల అధికారిణి హైమవతి. సదరు వస్తువును విప్పక, వాడక, మోగించక, యథాతథ స్థితిలో కమిటీ ఎదుట హాజరుపరచవలెనని సోమసుందరానికి తాఖీదు వచ్చింది.

హాజరుపరచడానికి తీసుకెళ్తే గోదాము గేటు దగ్గర కాపలాదారు ఆపాడు. సరుకేదైనా పద్దులో రాయందే లోపలికి పోకూడదు. పద్దులో ఉన్నవి రెండే వరసలు, వానాకాలం పంట సార్వా, ఎండాకాలం పంట దాళ్వా.

"సార్వానాండీ, దాళ్వానాండీ?"

"మాఘంలో కొన్నానయ్యా," అన్నాడు సోమసుందరం.

"అయితే దాళ్వా," అని రాసుకుని లోపలికి వదిలాడు.

పరీక్ష మొదలైంది. ముందు తూకం వేశారు. బస్తాకి గోనె బరువు తీసేసినట్టు అట్టపెట్టెకి తరుగు తీసేశారు. ఆ పైన జోగేశ్వర్రావు ముందుకొచ్చాడు. గింజ పంటికింద వేసి కొరికి తేమెంతో చెప్పేయగలడని ఆయనకి జిల్లా అంతా పేరు. యంత్రాలొచ్చినా ఆయన పన్ను మీదే ఆఫీసుకి గురి. ఆయన సౌండ్‌బార్‌ని పెట్టెలోంచి తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు, వాసన చూశాడు, అరచేత్తో తట్టాడు. తర్వాత ఒక మూల నోట్లో పెట్టుకుని మెల్లిగా కొరికాడు. సోమసుందరం కళ్ళు మూసుకున్నాడు. జోగేశ్వర్రావు పెదాలు తుడుచుకుని, బాగా ఎండిందన్నాడు. కోదండపాణిగారు ఆయన మొహం కేసి చూసి ఒక కాగితం ముక్క ముందుకి తోశారు. జోగేశ్వర్రావు దాని మీద రాసిచ్చాడు: తేమ శాతం తృప్తికరం, పురుగు లేదు, తాలు లేదు, మరీ ఎండితే నూక అయ్యే ప్రమాదం ఉన్నందున యజమాని జాగ్రత్త వహించాలి.

ఇక సోమసుందరం ఉండబట్టలేకపోయాడు.

"సార్, ఒక్కసారి ప్లగ్గులో పెట్టి మాట వింటే తెలిసిపోతుంది కదండీ," అన్నాడు.

కోదండపాణిగారు తలెత్తి అతని మొహం కేసి నిదానంగా చూశారు. రాతపూర్వకంగా ఇవ్వమన్నారు. సోమసుందరం అక్కడే నిలబడి రాసిచ్చాడు. అది చదివాక ఆయన మొహం ఎర్రబడింది. మామూలుగా రెండు ముక్కలకి మించి మాట్లాడని మనిషి, ఆ రోజు లేచి నిలబడి మరీ మాట్లాడారు.

"ధాన్యం నాణ్యత తేల్చడానికి ఈ శాఖ ఏనాడైనా అన్నం వండించుకుని తిన్నదా? లేదు. ఎందుకు లేదు? వండిన ధాన్యం ధాన్యం కాదు కనుక. అటులనే మోగించిన సౌండ్‌బార్ కొత్త సౌండ్‌బార్ కాదు. దానిని మోగించి, అందరి ఎదుటా విని, వినబడెనా లేదా అని ఒకరినొకరు ప్రశ్నించుకొనుట ఈ కమిటీ గౌరవమునకు తగదు. నేను అధ్యక్షుడిగా ఉండగా ఆ పని జరగదు."

ఆయన కంఠం కొంచెం వణికింది. నిబంధనల మీద ఆయనకున్న భక్తి అలాంటిదని అందరూ అనుకున్నారు. హైమవతిగారైతే ఆ మాటల్ని యథాతథంగా తీర్మానంలో రాసేసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. సరుకు పరీక్షించాక నమూనా మూడు భాగాలుగా తీసి, సీలు వేసి, ఒకటి రైతుకీ, ఒకటి గోదాముకీ, ఒకటి పై ఆఫీసుకీ ఇవ్వాలని జోగేశ్వర్రావు గుర్తు చేశాడు. గోదాములోంచి హమాలీల జట్టు మేస్త్రీని పిలిచి, రంపం ఉందా అని అడిగాడు కూడా. సోమసుందరం పెట్టెకి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. అప్పుడతని బుర్రకి తట్టింది, పెట్టెలో ఉన్నవి ఎలాగూ మూడేనని. బద్ద ఒకటి, తీగ ఒకటి, రిమోటు ఒకటి. కోయనక్కర్లేకుండానే మూడు నమూనాలున్నాయని రాతపూర్వకంగా మనవి చేసుకున్నాడు. కమిటీ సంతోషించింది. తీగ రైతుకి, అంటే సోమసుందరానికి ఇచ్చారు. బద్ద గోదాములో ఉంచారు. రిమోటుకి మీట మీద లక్క కరిగించి ముద్ర కొట్టి రాజధానికి పంపించారు.

గోదాములోకి వెళ్ళిన సరుకు గోదాము ధర్మాన్నే పాటించాలి. మర్నాడే బస్తాల దొంతర్లకి పురుగుమందు పొగ పెట్టే పని మొదలైంది. సౌండ్‌బార్ కూడా దాళ్వా సరుకే కాబట్టి దాన్నీ దొంతర మీద పెట్టి టార్పాలిన్ పట్టా కప్పేశారు. ఇంట్లో కార్యక్రమం ఉందని, రెండు రోజులకి ఇప్పించమని సోమసుందరం అర్జీ పెట్టుకున్నాడు. పొగ పెట్టిన దొంతర గడువు తీరేదాకా విప్పరాదని, విప్పినచో పురుగు పునః ప్రవేశించునని జవాబొచ్చింది. ఏ పురుగైనా సౌండ్‌బార్‌లో దూరి ఏం తింటుందో ఆ జవాబులో లేదు.

సోమసుందరం ఇంటికెళ్ళి తీగ బల్ల మీద పెట్టాడు. మంగాయమ్మ దాన్ని ఎత్తి చూసి, "ఇదేనా బాబూ మీరు కొన్నది?" అంది. మిగతాది వస్తుందని అతను గట్టిగా చెప్పాడు. ఆవిడ తలాడించింది గానీ నమ్మినట్టు లేదు.

కార్యక్రమం రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం మంగాయమ్మ పట్టుచీర కట్టుకుని టీవీకి బారెడు దూరంలో కూర్చుంది. సత్యవేణి ఏదో పని ఉన్నట్టు వంటింట్లోనే ఉండిపోయింది. తెర మీద సత్యవేణి నవ్వుతూ పొట్టు ఉడికించింది, పోపు పెట్టింది, ఆవముద్ద కలిపింది. కలుపుతూ యాంకరమ్మాయితో రెండు మాటలంది. యాంకరమ్మాయి పగలబడి నవ్వింది.

"ఏవంది? ఇప్పుడేవంది?" అని మంగాయమ్మ అల్లుడి కేసి తిరిగింది.

సత్యవేణి అన్న రెండు మాటల్లో మొదటిదాన్ని సోమసుందరం గొంతు చించుకుని చెప్పాడు. "మా అమ్మ దగ్గర నేర్చుకున్నానంది, అత్తయ్యగారూ." రెండోది చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

మంగాయమ్మ కుర్చీ వెనక్కి జరిపింది.

"ఆ ముక్కకే ఆ పిల్ల అంతలా నవ్విందా బాబూ? మీరు మంచోరు. సర్ది చెప్తున్నారు."

లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. కూతురు తన పేరే ఎత్తలేదని, అల్లుడు మొహమాటానికి అబద్ధమాడాడని ఆవిడకి రూఢి అయిపోయింది. మర్నాటి నుంచి వంటింటి గడప తొక్కలేదు. కూతురితో మాట మానేసింది. సత్యవేణి కూడా పంతానికి పోయింది. టీవీలో రాష్ట్రమంతటికీ చెప్పాక మళ్ళీ ఇంట్లో కాళ్ళట్టుకుని చెప్పాలా అంది. ఫోన్లో ఆ కార్యక్రమం ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తుంది గానీ, ఆ సన్న గొంతు మంగాయమ్మ చెవికి ఎక్కదు. ఇద్దరి మధ్యా సోమసుందరం రుచీ పచీ లేని పప్పు తింటూ, గోదాములో పట్టా కింద పడున్న బద్దని తలుచుకునేవాడు. ఆఫీసు మీద అతనికి జీవితంలో మొదటిసారి ఒళ్ళు మండింది.

ఆఖరికి మూల్యాంకన నివేదిక తయారైంది. అది లావుగా ఉంది. తరుగు మీద ఒక భాగం, తేమ మీద ఒక భాగం ఉన్నాయి. హైమవతిగారు లెక్కల మనిషి కాబట్టి ఇంకో భాగం చేర్చింది. వస్తువుతోపాటు అందులోంచి వచ్చే ధ్వని కూడా ఆస్తేనని ఆవిడ వాదం. ధ్వని ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతుంది కనుక చరాస్తి. చరాస్తి అయ్యాక దాన్ని కొలిచి చూపించాలి. కమిటీ పరీక్షించినంతసేపూ సౌండ్‌బార్ నుంచి ఏ ధ్వనీ రాలేదు కాబట్టి దాన్ని సున్న అని చూపించింది. ఇంతవరకు తప్పేమీ లేదు. దాని కింద కోదండపాణిగారి ఉత్తర్వు ఇలా ఉంది: "సదరు ఉద్యోగి ధ్రువీకరించబడిన స్థాయికి లోబడి సదరు వస్తువును తన గృహమందు నిరభ్యంతరముగా వినియోగించుకొనవచ్చును. ఆ స్థాయికి మించి వెలువడు ధ్వనిని ప్రకటించని ఆస్తిగా పరిగణించి శాఖాపరమైన చర్య గైకొనబడును."

సోమసుందరం దాన్ని మళ్ళీ మళ్ళీ చదివాడు. ఎలా చదివినా అర్థం ఒకటే. వాడుకోవచ్చు, మోగించకూడదు.

ఆ వెనకే రాజధాని నుంచి రిమోటు తిరిగొచ్చింది, మీట మీద లక్కముద్ర చెక్కుచెదరకుండా. పొగ గడువు తీరిన బద్దని గోదాములోంచి విడిపించుకుని, సోమసుందరం మూడు నమూనాల్నీ ఇంట్లో కలిపాడు. బద్దని టీవీ కింద పెట్టి, తీగ తగిలించి, రిమోటు పక్కన పెట్టి, దూరంగా కూర్చుని చూశాడు. సత్యవేణి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"తల్లీ కూతుళ్ళం మాటాడుకోట్లేదు, అది మోగట్లేదు. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వినపడతాది. మీ ఆఫీసోళ్ళు సర్టిఫికెట్టు సరిగ్గానే ఇచ్చారండీ," అంది.

మోగించేద్దామా అని అతని చెయ్యి చాలాసార్లు లక్కముద్ర దాకా వెళ్ళింది. ప్రమోషన్ జాబితా గుర్తొచ్చి వెనక్కి వచ్చేసింది. పక్కింట్లో ఉన్నది కూడా ఆఫీసు మనిషే. కొన్నాళ్ళకి మంగాయమ్మ ఆ బద్ద మీద తన వక్కపొడి డబ్బా పెట్టుకోవడం మొదలుపెట్టింది. దానికి సరిపోయినంత వెడల్పుందని మాత్రం మెచ్చుకుంది.

చైత్రంలో కోదండపాణిగారు రిటైరయ్యారు. సభలో దండలు వేసి, నోటి మాట మీద ఒక్క పనీ చేయని మహనీయుడని పొగిడారు. ఆయన ఎదుటివాళ్ళ మొహాలు చూస్తూ తలూపుతూ కూర్చున్నారు. ఆయన స్థానంలో వచ్చిన కొత్త అధికారిణి ఎవరైనా ఏదైనా చెబితే అప్పటికప్పుడు విని, సరే చేసేయండి అనేది. దాంతో ఆఫీసంతా కకావికలైపోయింది. సరే అంటే ఏం చేయాలో అక్కడ ఎవరికీ తెలియదు. వినగానే ఒప్పుకునే అధికారిని నమ్మడం ఎలాగని జోగేశ్వర్రావు బెంగపెట్టుకున్నాడు.

ఒక ఆదివారం పొద్దున్న సోమసుందరం ఇంటి గుమ్మంలో గొడుగు పట్టుకుని కోదండపాణిగారు నిలబడి ఉన్నారు. అతను హడావిడిగా కుర్చీ వేశాడు. సత్యవేణి కాఫీ ఇచ్చింది. ఆయన కాఫీ తాగుతూ టీవీ కిందనున్న నల్ల బద్ద కేసి చూస్తూ కూర్చున్నారు. తమ ఇంట్లో టీవీలో మాట సరిగా తెలియడం లేదని ఇంటావిడ అంటోందని చెప్పారు. ఇంకో గుక్క తాగి, ఆవిడ కాదు, నాకే, అన్నారు.

"ఇటువంటిదొకటి కొందామనుకుంటున్నాను. మన నివేదిక నకలు తీసి మొత్తం చదివాను. తేమ గురించి ఉంది, తరుగు గురించి ఉంది. ఇంతకీ మాట తెలుస్తుందా, సోమసుందరం?"

"నాకూ తెలియదండి. మోగించలేదు కదండీ," అన్నాడు సోమసుందరం.

కోదండపాణిగారు అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని ముందుకి వంగారు. "ఆఁ?"

సోమసుందరం అదే మాట గట్టిగా చెప్పాడు. ఆయన అతని కళ్ళలోకి చూడలేదు, పెదాల కేసి చూశారు. అచ్చం అత్తగారు వార్తలమ్మాయిని చూసినట్టే. అప్పుడు తెలిసింది సోమసుందరానికి. తలెత్తి నిదానంగా చూడడం, సభ్యుల ముందుకి తోసిన కాగితం ముక్కలు, పాము అర్జీ, మోగించి వింటామంటే వణికిన ఆ గొంతు. అది నిక్కచ్చితనం కాదు. పక్కవాడికి వినపడింది తనకి వినపడలేదని నలుగురిలో తేలిపోతుందన్న భయం. ఒక్క మనిషి చెవి దాచుకోవడానికి గోదాముల్లో ధాన్యం కన్నా ఎక్కువగా కాగితం పోగుపడింది. అతనికి ముందు కోపమే వచ్చింది. మా అత్తగారు రెండు నెలలుగా నా పెళ్ళాంతో మాట్లాడ్డం లేదు, అది మీ వల్లే అని మొహం మీద అనేద్దామనుకున్నాడు. చెవి వెనక చెయ్యి పెట్టుకుని కూర్చున్న ఆ పెద్దాయన్ని చూస్తే అనబుద్ధి కాలేదు.

"మోగించి చూడు," అన్నారు కోదండపాణిగారు.

సోమసుందరం నోట్లోంచి అలవాటు కొద్దీ వచ్చేసింది. "రాతపూర్వకంగా ఇస్తారాండీ?"

ఆ మాట ఆయనకి వినపడిందో, పెదాలు చూసి పట్టుకున్నారో గానీ, కాఫీ గ్లాసు కింద పెట్టారు. రిమోటు తీసుకుని, తన ఆఫీసు లక్కముద్రని తన గోటితోనే గీకేశారు. లక్క రాలి చొక్కా మీద పడింది. పక్కింటివాళ్ళ సంగతి తను చూసుకుంటానని చెప్పి మీట నొక్కారు.

సోమసుందరం ఫోన్లో వచ్చే ఆ వంటల కార్యక్రమాన్నే టీవీలో పెట్టాడు. ఇంక ఏదైతే అది అయింది. సత్యవేణి గొంతు హాల్లో ఒక్కసారిగా, మనిషి పక్కన నిలబడి మాట్లాడినట్టు పలికింది. మోత లేదు, మాటుంది. లోపలి గదిలోంచి మంగాయమ్మ చెంగు సర్దుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఈ కూర మా అమ్మ దగ్గర నేర్చుకున్నానండి," అంటోంది తెర మీద సత్యవేణి. "కాపోతే మా అమ్మ ఆవ పెడితే ముక్కుల్లోంచి పొగలొచ్చేత్తాయండి. పెళ్ళివారు కళ్ళ నీళ్ళెట్టుకుంటే అమ్మాయిని పంపుతున్నందుకనుకునేవోరు, అది మా అమ్మ ఆవండి. నేను సగానికి తగ్గించేశానండి."

యాంకరమ్మాయి పగలబడి నవ్వింది. వంటింటి గుమ్మంలో అసలు సత్యవేణి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"మళ్ళీ పెట్టండి," అంది మంగాయమ్మ.

మళ్ళీ పెట్టారు. ఆవిడ మొదటి మాటకి తలూపింది. రెండోదానికి ఊపలేదు.

"సర్ది చెప్పారని నేనప్పుడే అన్లేదా బాబూ," అంది అల్లుడితో. తర్వాత, రెండు నెలల్లో మొదటిసారి, కూతురి కేసి తిరిగింది. "సగానికి తగ్గించిందంట. ఆవ తగ్గాక అది పనసపొట్టు ఎలాగవుద్దే? ఇంట్లో కాయుందా?"

"ఉందమ్మా," అంది సత్యవేణి.

"నూరు ఆవాలు. నీ వాటం ఒకటి, నా వాటం ఒకటి, రెండు గిన్నెలు చేద్దాం." మంగాయమ్మ వక్కపొడి డబ్బాని సౌండ్‌బార్ మీంచి తీసి రొంటిన దోపుకుంది. అప్పుడు కుర్చీలో ఉన్న పెద్దమనిషి కనిపించాడు. లోకమంతా గొణుగుతోందన్న కోపం మీద ఆవిడ ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే మాట్లాడింది. ఆ గొంతు కాలవ అవతలికి కూడా వినపడుతుంది.

"మీరు భోంచేసి ఎల్దురుగాని బాబూ. ఎవరి ఆవ సరైందో మీరే తేల్చాలి. వండుకుని తింటే గానీ ఎలా తెలుస్తాది?"

కోదండపాణిగారు సోమసుందరం కేసి చూశారు. చొక్కా మీది లక్క పెళ్ళలు దులుపుకున్నారు.

"నిజమేనమ్మా," అన్నారు. "ఉంటాను."

సోమసుందరం సర్వీసు మొత్తం మీద, ఆయన నోటి మాటకి నోటితోనే సరేననడం చూడ్డం అదే మొదటిసారి.